ఊళ్లు తిరగడానికీ ఒక డిగ్రీయేనా?

(మహిళల కోసం రేడియో ప్రసంగం)



ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్లల్లో జరిగే చర్చలు మీకు తెలియనివి కావు. ఇంజనీరింగా, డాక్టరీయా, కాకపోతే బి.కామా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడుతూ ఉంటారు. సరిగ్గా ఆ సమయంలో అమ్మాయి మెల్లిగా వచ్చి, "నేను టూరిజంలో డిగ్రీ చేస్తానమ్మా" అందనుకోండి. నాన్నగారు చేతిలో పేపరు పక్కన పెట్టి కళ్లజోడు సవరించుకుంటారు. మామ్మగారు మాత్రం ఊరుకోరు. "ఊళ్లు తిరగడానికీ ఒక చదువేమిటే? ఏ చదువూ లేకుండానే మేము కాశీ, రామేశ్వరం వెళ్లి రాలేదూ?" అని అడిగేస్తారు.

మామ్మగారి ప్రశ్నను నవ్వి తీసిపారేయకూడదు. అది న్యాయమైన ప్రశ్నే. ప్రయాణాలు మనకు అనాదిగా ఉన్నవే. వాటికి విశ్వవిద్యాలయంలో పాఠాలు, పరీక్షలు, పట్టాలు ఎందుకు వచ్చాయి? ఎప్పుడు వచ్చాయి? ఎవరు తెచ్చారు? ఈ చరిత్ర కాస్త తెలిస్తే, అమ్మాయికి ఔననాలో కాదనాలో మనమే నిర్ణయించుకోవచ్చు. ఈ పూట ఆ సంగతి ముచ్చటించుకుందాం.

"కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే" అని మన సామెత. పూర్వం దూరప్రయాణమంటే అంత భయం. ఏనుగుల వీరాస్వామయ్యగారని మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన తెలుగు పెద్దమనిషి ఉండేవారు. ఆయన 1830 మే నెలలో సుమారు వందమంది పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 15 నెలల 15 రోజుల తరవాత, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. దారిపొడవునా చూసిన సంగతులు తన మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెగారికి రాస్తూ వచ్చారు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అనే పుస్తకంగా అచ్చయినాయి. ఆ పుస్తకంలో గుళ్లూ గోపురాలూ మాత్రమే ఉంటాయనుకునేరు! ఏ మజిలీలో దిగడానికి చోటుంది, ఎక్కడ మంచినీళ్లు దొరుకుతాయి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, దారి ఎలాంటిది అన్న వివరాలు కూడా ఉన్నాయి. నలుగురిని వెంటబెట్టుకుని బయల్దేరే మనిషికి అసలు కావలసినవి ఈ సంగతులే గదా.

ఆ కాలంలో యాత్రికుల మంచిచెడ్డలు చూసేవారు లేకపోలేదు. గయలోనూ హరిద్వారంలోనూ తీర్థపురోహితులు వచ్చినవారి ఊరూ పేరూ వంశమూ పుస్తకాల్లో రాసి పెట్టుకుని, మనవలు వచ్చినప్పుడు తాతల పేర్లు చదివి వినిపించేవారు. బస చూపించడం, భోజనం సంగతి చూడడం కూడా వాళ్ల పనే. మన వైపు సత్రాలుండేవి. ఇదంతా తండ్రి దగ్గర కొడుకు చూసి నేర్చుకున్న విద్య. బడిలో చెప్పేది కాదు.

ఇక ఆడవాళ్ల మాట. యాత్రకు వెళ్లినా భర్త వెంటో కొడుకు వెంటో వెళ్లడమే గాని, తామై చూసి తామై రాయడం అరుదు. అలాంటి రోజుల్లో పోతం జానకమ్మగారనే తెలుగు గృహిణి ఇంగ్లండు వెళ్లి వచ్చి, అక్కడి విశేషాలతో 1876లో మద్రాసులో ఇంగ్లీషు పుస్తకం ప్రచురించారు. కాబట్టి లోకం చూడాలన్న కోరిక మన ఆడపిల్లలకు ఇవాళ కొత్తగా పుట్టిందేమీ కాదు.

ఇప్పుడు 1841వ సంవత్సరానికి వద్దాం. ఆ ఏడాది జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఎప్పుడూ వింతగా తోస్తుంది.

మొదటిది ఇంగ్లండులో. థామస్ కుక్ అని కొయ్యపని చేసుకునే ఒక సామాన్యుడు తాగుడు మాన్పించే ఉద్యమంలో తిరుగుతూ ఉండేవాడు. 1841 జులై 5న ఆయన లెస్టర్ ఊరి నుంచి లాఫ్‌బరో ఊళ్లో జరిగే మద్యపాన నిషేధ సభకు సుమారు 500 మందిని రైల్లో తీసుకువెళ్లాడు. మనిషికి ఒక షిల్లింగు. రైలు కంపెనీతో బేరం కుదిర్చి, అందరినీ క్షేమంగా తీసుకువెళ్లి తీసుకురావడం ఆయన పూచీ. ఆ పూచీయే తరవాత పెద్ద వ్యాపారమైంది. 1863లో ఆయన స్విట్జర్లాండుకు తీసుకువెళ్లిన బృందంలో జెమీమా మోరెల్ అనే యువతి ఉంది. ఆమె దినచర్య రాసుకుంది. ఆ దినచర్య సరిగ్గా నూరేళ్ల తరవాత, 1963లో పుస్తకంగా వచ్చింది. ఒంటరిగా వెళ్తే నలుగురూ నాలుగు మాటలనే ఆ కాలంలో, ముందే ఏర్పాటైన బృందంతో అయితే ఆడవాళ్లు మంచుకొండలు కూడా ఎక్కి వచ్చారన్నమాట. ప్రయాణాన్ని ఎవరో ఒకరు బాధ్యతగా నడిపిస్తే అందరికంటే ముందు లాభపడింది స్త్రీలే.

రెండో సంగతి మన గోదావరి సీమలో. అదే 1841లో డొక్కా సీతమ్మగారు పుట్టారు. కోనసీమలో లంకల గన్నవరం ఆమె మెట్టినిల్లు. నది పాయలు దాటి, ఎండనకా వాననకా వచ్చే బాటసారులకు వేళ కాని వేళలో కూడా అన్నం పెట్టిన తల్లి. 1909లో ఆమె కన్నుమూశారు. ఇవాళ వైనతేయ పాయ మీది అక్విడక్టుకు ఆమె పేరే పెట్టుకున్నాం. అక్కడ కుక్‌గారు టిక్కెట్టు తీసుకుని ప్రయాణికుణ్ణి చూసుకున్నాడు. ఇక్కడ సీతమ్మగారు పైసా తీసుకోకుండా చూసుకున్నారు. ఒకటి వ్యాపారం, ఒకటి పుణ్యం. కాని కొత్త ఊళ్లో అడుగుపెట్టిన మనిషికి ఆకలేస్తుంది, అలసట ఉంటుంది, దారి తెలియదు, భయంగా ఉంటుంది అన్న గ్రహింపు ఇద్దరిలోనూ ఒకటే. ఇవాళ కాలేజీలో చెప్పే టూరిజం చదువుకు మూలం ఆ గ్రహింపే.

మరి ఇది బడికి ఎలా ఎక్కింది? ముందుగా హోటలు పని చదువైంది. స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో 1893లో హోటలు పాఠశాల మొదలైంది. ప్రపంచంలో ఆ తరహా బళ్లలో అదే మొదటిదంటారు. ఆ తరవాత 1929లో జర్మనీలో, బెర్లిన్ వాణిజ్య కళాశాలలో, రాబర్ట్ గ్లుక్స్‌మన్ అనే ఆచార్యుడు పర్యాటకం మీద పరిశోధన సంస్థ పెట్టాడు. హిట్లర్ పాలన వచ్చిన కొద్ది ఏళ్లకే అది మూతపడింది.

అసలు ఆశ్చర్యం 1941లో జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతోంది. స్విట్జర్లాండు యుద్ధంలో చేరలేదు గాని దాని చుట్టూ యుద్ధమే. వచ్చే విదేశీయులు లేరు, పెద్దపెద్ద హోటళ్లు బోసిపోయి ఉన్నాయి. సరిగ్గా ఆ ఏడాదే వాల్టర్ హుంజికర్, కుర్ట్ క్రాఫ్ అనే ఇద్దరు పండితుల పూనికతో సెంట్ గాలెన్‌లోనూ బెర్న్ విశ్వవిద్యాలయంలోనూ పర్యాటకాన్ని శాస్త్రంగా అధ్యయనం చేసే సంస్థలు వెలిశాయి. మరుసటి ఏడు, 1942లో, ఇద్దరూ కలిసి ఆ శాస్త్రానికి ఒక మూలగ్రంథం రాశారు. యాత్రికుడు ఒక్కడూ రాని రోజుల్లో యాత్రల శాస్త్రమా అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని చూడండి, పండగ హడావుడిలో ఉన్నప్పుడు మనకు ఇల్లు సర్దుకోవడం కుదురుతుందా? చుట్టాలందరూ వెళ్లాకే గదా ఏ గిన్నె ఎక్కడ ఉంది, ఎంత ఖర్చయింది, ఎక్కడ పొరపాటు జరిగింది అని కూర్చుని ఆలోచిస్తాం. వాళ్లు చేసింది అలాంటి పనే.

ఆ ఇద్దరూ పర్యాటకానికి ఇచ్చిన నిర్వచనం కూడా మనకు సులువుగా అర్థమవుతుంది. పరాయి ఊరివారు ఒక చోటికి వచ్చి కొన్నాళ్లు ఉండడం వల్ల ఏర్పడే సంబంధాలూ ఫలితాలూ అన్నీ కలిపితే అది పర్యాటకం. అయితే ఆ రాక స్థిరపడడానికి గాని సంపాదనకు గాని కాకూడదు. మనింటికి నలుగురు చుట్టాలు వచ్చారంటే ఏమవుతుంది? పాలు ఎక్కువ కావాలి, నీళ్లు సరిపోవు, పిల్లల చదువు కుంటుపడుతుంది, ఇల్లు కళకళలాడుతుంది, చేతిలో డబ్బు ఖర్చవుతుంది. ఒక ఊరికే లక్షమంది చుట్టాలొస్తే? ఆ లెక్కలు చూసేదే ఈ శాస్త్రం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. టూరిజం డిగ్రీ అన్ని దేశాల్లోనూ వయసులో చిన్నదే. బ్రిటన్‌లో సర్రే, స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయాల్లో పర్యాటకంలో పై చదువులు 1972లో వచ్చాయి. మామూలు డిగ్రీ స్థాయిలో వచ్చింది 1986లో. థామస్ కుక్ పుట్టిన దేశంలోనే సంగతి ఇలా ఉంది. కాబట్టి మన మామ్మగార్లు ఈ చదువు పేరు వినలేదంటే అందులో వింతేముంది?

మన దేశం సంగతి చూద్దాం. స్వాతంత్ర్యానికి ముందే, 1945లో, సర్ జాన్ సార్జెంట్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసి, దేశంలో పర్యాటకాన్ని ఎలా పెంచాలో చెప్పమంది. 1949లో రవాణా మంత్రిత్వ శాఖలో దీనికోసం ఒక విభాగం, 1958లో ప్రత్యేకంగా పర్యాటక శాఖ, 1966లో పర్యాటకాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాయి. ఇవన్నీ కార్యాలయాలు, ఫైళ్లు. మరి పని నేర్పే బడి?

ఆ బడి పెట్టింది స్త్రీలు. ఈ ముక్క మన ఆడవాళ్లందరూ గుర్తుపెట్టుకోవలసినది. దేశంలో తిండిగింజల కొరతగా ఉన్న ఆ తొలి సంవత్సరాల్లో, ఉన్న ఆహారాన్ని పొదుపుగా, పోషకంగా వండుకోవడం ఎలాగో చెప్పడానికి అఖిల భారత మహిళా కేంద్ర ఆహార మండలి అనే సంస్థ పనిచేసింది. దానిని నడిపించినవారు లీలావతీ మున్షీగారు. గుజరాతీలో రచయిత్రి, రాజ్యసభ సభ్యురాలు కూడా. ఆమె చొరవతో ఆ మండలి 1954లో బొంబాయిలో కేటరింగ్ కళాశాల స్థాపించింది. మన దేశంలో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకు అదే శ్రీకారం. ఇవాళ మీసాలు మెలేసే పెద్ద పెద్ద షెఫ్‌లు చదువుకున్న విద్యకు దేశంలో మొదటి బడి తెరిచింది కరువు రోజుల్లో బియ్యం లెక్క చూసుకున్న ఆడవాళ్లు! వంటిల్లు తెలిసినవాళ్లకే గదా వందమందికి వండి పెట్టడంలో ఎంత శాస్త్రం ఉందో తెలిసేది.

పర్యాటకం విషయానికి వస్తే, ఢిల్లీ విశ్వవిద్యాలయం కింద 1972లో కాలేజ్ ఆఫ్ వొకేషనల్ స్టడీస్ వచ్చింది. వృత్తివిద్యలను డిగ్రీతో కలిపి చెప్పే ఆ కాలేజీలో టూరిజం ఒక కోర్సు. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. దేశానికి మొదటి పర్యాటక విధానం ప్రకటించింది కూడా ఆ ఏడాదే. వెంటనే 1983లో కేంద్ర ప్రభుత్వం పర్యాటక, ప్రయాణ నిర్వహణ విద్యకోసమే ఒక జాతీయ సంస్థను ఢిల్లీలో స్థాపించింది. 1992లో అది గ్వాలియర్‌కు మారింది. మన నెల్లూరులో కూడా ఆ సంస్థకు ఒక కేంద్రం ఉంది. 1994-95 నుంచి యు.జి.సి. మామూలు డిగ్రీలోనే వృత్తి సబ్జెక్టులు కలిపే పథకం తెచ్చినప్పుడు, వాటిల్లో టూరిజం కూడా చేరింది. హైదరాబాదులో గచ్చిబౌలి దగ్గర నిథమ్ అని పిలిచే సంస్థ ప్రత్యేకంగా ఈ చదువుల కోసమే ఉంది. ఇంట్లో ఉండి చదువుకోదలచినవారికి ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో టూరిజం కోర్సులున్నాయి.

సరే, చరిత్ర విన్నాం. ఇంతకీ ఈ డిగ్రీలో ఏం చెబుతారు? చాలామంది అనుకున్నట్టు మూడేళ్లూ బస్సెక్కి తిరగడం కాదు. చరిత్ర, భూగోళం, కళలు ఉంటాయి. టిక్కెట్ల లెక్కలు, వీసా నిబంధనలు, విదేశీ మారకం ఉంటాయి. జమాఖర్చులు, చట్టాలు, ప్రచారం, మాట్లాడే పద్ధతి, చాలా చోట్ల ఒక విదేశీ భాష కూడా ఉంటాయి. కొన్ని నెలలు ఏదైనా ట్రావెల్ కంపెనీలోనో హోటల్లోనో పని నేర్చుకోవాలి. వీటితోపాటు కాస్త లోతుగా ఆలోచింపజేసే పాఠాలు కూడా కొన్ని ఉంటాయి.

ఉదాహరణకు రిచర్డ్ బట్లర్ అనే భూగోళ శాస్త్రవేత్త 1980లో ఒక సిద్ధాంతం చెప్పాడు. యాత్రాస్థలానికి కూడా మనిషికి లాగే బాల్యం, యవ్వనం, వార్ధక్యం ఉంటాయట. మొదట ఎవరో కొద్దిమంది వచ్చి చూసి ముచ్చటపడతారు. ఊరివాళ్లు గదులు అద్దెకిస్తారు. తరవాత పెద్ద హోటళ్లు వస్తాయి, జనం పెరుగుతారు. ఒక దశ వచ్చేసరికి చెత్త, నీటి కరువు, రద్దీ పెరిగి, మొదట వచ్చినవాళ్లు ముఖం తిప్పుకుంటారు. అప్పుడు జాగ్రత్తపడితే ఆ ఊరు మళ్లీ చిగురిస్తుంది, లేకపోతే క్షీణిస్తుంది. మనం ఇరవై ఏళ్ల కిందట చూసి మురిసిన కొండ ఊరికి మళ్లీ వెళ్లి "అప్పటి అందం లేదు" అని నిట్టూర్చామంటే, మనకు తెలియకుండానే బట్లర్ పాఠం చదివామన్నమాట.

ఇంకో ఉదాహరణ మన ఇంటి ముంగిట్లోదే. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. 1213 నాటి కాకతీయ కట్టడం అది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేటంత తేలిక. పునాది కింద ఇసుక నింపి కట్టిన నేర్పు అక్కడిది. గుర్తింపు వచ్చిందంటే జనం వస్తారు. ఆ జనానికి నీళ్లు, నీడ, ఆడవాళ్లకు మరుగుదొడ్లు, బండ్లు ఆపే చోటు కావాలి. అవన్నీ గుడికి హాని కాకుండా ఎంత దూరంలో పెట్టాలి? ఒక్క రోజున ఎంతమందిని ఆ ప్రాంగణం భరించగలదు? వచ్చినవాళ్లు ఖర్చుపెట్టే డబ్బులో ఊరివాళ్ల చేతికి ఎంత అందుతుంది, ఎంత బయటికి పోతుంది? వీటికి జవాబు చెప్పగలవారు కావాలి. మామ్మగారూ, ఊళ్లు తిరగడానికి చదువక్కర్లేదు, నిజమే. తిరిగేవాళ్ల బాగూ, ఆ ఊరి బాగూ రెండూ చూడడానికి చదువు కావాలి.

ఇంత చెప్పి, కష్టాలు దాచిపెడితే న్యాయం కాదు. ఈ రంగంలో పండగలూ సెలవులూ ఉండవు. అందరికీ సెలవైన రోజే వీళ్లకు పని. రాత్రి డ్యూటీలు ఉండవచ్చు. డిగ్రీ చేతికి రాగానే పెద్ద కుర్చీ దొరకదు. ముందు కౌంటరు దగ్గర నిలబడి, విసుక్కునే ప్రయాణికులతో ఓపికగా మాట్లాడవలసిందే. ప్రభుత్వోద్యోగాలు తక్కువ. పైగా లోకంలో ఏ ఉపద్రవం వచ్చినా మొదటి దెబ్బ ఈ రంగానికే తగులుతుంది. 2019లో ప్రపంచం మొత్తం మీద విదేశీ యాత్రికుల రాకపోకలు సుమారు 146 కోట్లు. కోవిడ్ వచ్చిన 2020లో అవి దాదాపు 40 కోట్లకు పడిపోయాయి. ఎందరి కొలువులో పోయాయి. ఆడపిల్లను ఈ చదువుకు పంపాలా అని ఏ తల్లయినా సందేహించిందంటే ఆ సందేహంలో తప్పులేదు.

కాని తరవాతి ఏళ్లలో ప్రయాణాలు మళ్లీ మొదలయ్యాయి గదా. చరిత్రలోనూ అంతే. హోటళ్లు బోసిపోయిన 1941లో పుట్టిన చదువు ఇది, తిండికి కటకటగా ఉన్న రోజుల తరవాత 1954లో బడి తెరుచుకున్న విద్య అది. కొలువు పోవచ్చు గాని, నలుగురినీ సమాధానపరిచి ఒక పనిని మొదటినుంచి చివరిదాకా నడిపించే నేర్పు పోదు. ఆ నేర్పు ఆసుపత్రిలోనూ పనికొస్తుంది, విమానాశ్రయంలోనూ పనికొస్తుంది, సొంత వ్యాపారంలోనూ పనికొస్తుంది.

కాబట్టి అమ్మాయి అడిగినప్పుడు వెంటనే కాదనకండి, వెంటనే ఔననీ అనకండి. చేరదలచిన కాలేజీ గురించి నాలుగు ప్రశ్నలు వేసి, జవాబులు ఆమెనే కనుక్కుని రమ్మనండి. ఒకటి, ఆ డిగ్రీ గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయానిదేనా? రెండు, పని నేర్చుకోవడానికి విద్యార్థులను ఎక్కడికి పంపుతారు, ఎన్ని నెలలు? అక్కడ ఆడపిల్లలకు బస, రాకపోకల ఏర్పాటు ఏమిటి? మూడు, విదేశీ భాష చెబుతారా, చెప్పేవారున్నారా? నాలుగు, రెండేళ్ల కిందట చదివి వెళ్లినవాళ్లు ఇవాళ ఏం చేస్తున్నారు? గోడమీది ఫొటోలు చూసి నమ్మకుండా, అలా చదివి వెళ్లిన ఒకరిద్దరితో మాట్లాడి రావాలి. ఇవన్నీ ఓపికగా కనుక్కుని వచ్చిందంటే, ఆ పిల్లకు ఈ రంగానికి కావలసిన మొదటి లక్షణం ఉన్నట్టే. ఇంకా ఎటూ తేలకపోతే చరిత్రతోనో కామర్సుతోనో డిగ్రీ చేసి, పై చదువులో టూరిజం తీసుకునే దారి కూడా ఉంది.

ఇది పిల్లలకే పరిమితమైన విషయం కూడా కాదు. 2024 సెప్టెంబరు 27న, ప్రపంచ పర్యాటక దినం నాడు, కేంద్ర పర్యాటక శాఖ 'పర్యటన్ మిత్ర, పర్యటన్ దీదీ' అనే కార్యక్రమం ప్రారంభించింది. ముందుగా ప్రయోగం చేసిన ఆరు చోట్లలో మన కడప జిల్లా గండికోట ఒకటి. యాత్రికులకు ఎదురుపడే ఆటోవాళ్లకు, బసలు నడిపేవారికి, ముఖ్యంగా స్థానిక స్త్రీలకు, అతిథులను ఎలా ఆదరించాలి, ఊరి కథ ఎలా చెప్పాలి అన్నదానిలో శిక్షణ ఇవ్వడం దాని ఉద్దేశం. పెన్నా లోయ అంచున పుట్టి పెరిగిన ఆడవాళ్లకంటే ఆ కోట కథ చెప్పడానికి తగినవాళ్లు ఎవరున్నారు?

చుట్టం వస్తే ముందు మంచినీళ్లివ్వాలని మనకు ఎవరూ పరీక్ష పెట్టి నేర్పలేదు. ఆ మర్యాదకు లెక్కలు, చట్టాలు, చరిత్ర జోడించి మన అమ్మాయి చదువుకుంటానంటోంది. ఈసారి ఆ మాట ఎత్తినప్పుడు, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, మామ్మగారిని కూడా పిలిచి, తీరిగ్గా మాట్లాడండి. మామ్మగారి కాశీ ప్రయాణం కబుర్లు కూడా అప్పుడే చెప్పించండి. ఎక్కడ దిగారో, ఎవరు వండారో, దారిలో ఏ ఇబ్బంది పడ్డారో. అమ్మాయికి మొదటి పాఠం అక్కడే దొరుకుతుంది.